తిరగని చీటీ

మా ఆయన చేతి మీద ఉన్న జలగ మా ఆయనది కాదు. అది మునెయ్యది. మునెయ్య పెద్దదినం మొన్ననే అయింది.

ఆదివారం పొద్దున మా ఆయన చెంగయ్య అరుగు మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపాడు. నేను చక్కెరనీళ్లలో దూది ముంచి జలగ నోటి చుట్టూ తుడుస్తున్నాను. తోక చివర చిన్న గంటు కనిపించింది. ఆ గంటు నా వల్ల పడిందే. కిందటి నెల మునెయ్య ఇంట్లో పెట్టె మూత వేస్తుంటే దాని తోక నలిగింది. చచ్చిపోతుందేమోనని నాకు రెండు రోజులు అన్నం సహించలేదు కాబట్టి బాగా గుర్తు. మునెయ్య పోయినరోజు అతని చేతి మీదున్న జలగను నేనే ఊడదీసి, పెట్టెలో పెట్టి, ల్యాబుకు పంపాను. ఆ ఏడుపుల మధ్య తోక ఎవరు చూశారు. దాని మెడకున్న నంబరు ఉంగరం మాత్రం చూశాను. అది మునెయ్యదే. ఇప్పుడు చెంగయ్య చేతి మీద ఉన్నదాని ఉంగరమూ సరిగ్గా చెంగయ్యదే. జలగ మారింది, ఉంగరం మారలేదు. అది జలగ చేసే పని కాదు, మనుషులు చేసే పని.

"ఇదెట్టా వచ్చింది మావా నీ చేతి మీదికి?"

"ఏది?"

"జలగ."

"నువ్వే గదా పెట్టినావు," అని సరస్సు వైపు చూశాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. ఆడితే చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయి.

నాకు ముక్కు మీదే కోపం, ఊరంతా ఎరుగుదురు. కానీ ఆ రోజు వచ్చింది అలాంటి కోపం కాదు. కాళ్ల దగ్గర మొదలై మెల్లగా పైకి వచ్చింది.

ఈ జలగలు మడుగుల్లో దొరికేవి కావు. హైదరాబాదు ల్యాబులో డాక్టర్ ఇందుమతి పదేళ్లు కూర్చుని పెంచిన జీవాలు. మా సరస్సుకు ఎండలు ముదిరినప్పటి నుంచీ ఎర్రనాచు పట్టింది. ఆ నీళ్లలో దిగి బతికేవాళ్లకు చర్మంలోంచి విషం ఎక్కుతుంది. ముందు వేళ్లు ముడుచుకోవు. తర్వాత మోచెయ్యి. చివరికి రొమ్ము బిగుసుకుపోయి ఊపిరి ఆడదు. మేం దాన్ని బిగుసు అంటాం. ఇందుమతి మేడమ్ చేసిన జలగ మనిషి నెత్తురు పీల్చి, అందులో విషం తిని, మంచి నెత్తురు మళ్లీ ఒంట్లోకి వదులుతుంది. వదలాలి. వదులుతుందా లేదా అని తేల్చుకోడానికే మా తిప్పపాలెం వచ్చారు. సగం ఇళ్లకు నిజమైనవి, సగం ఇళ్లకు ఉత్తివి. ఉత్తివీ పీలుస్తాయి, వదులుతాయి, విషం మాత్రం ముట్టుకోవు. పైకి రెండూ ఒకటే. ఏ ఇంటికి ఏది అన్నది హైదరాబాదులో మిషను చీటీ వేసి తేలుస్తుంది. ఆ సంగతి మేడమ్‌కీ తెలియదు, వాళ్ల దగ్గర జీతానికి చేరి జలగల్ని సాకే నాకూ తెలియదు. నెల నెలా ఇల్లిల్లూ తిరిగి, రబ్బరు బుడగ చేతికిచ్చి నొక్కించి, పిడికిలి బలమెంతో, ఊపిరి ఎంతసేపు పట్టగలరో కొలిచి పంపడం నా పని.

మొదటి రోజు మీటింగులో మేడమ్ బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. వేరేచోట్ల ఈ చీటీ మాట చెప్పగానే జనం తిరగబడ్డారట. నా బిడ్డకు ఉత్తిది పెడతావా అని ఒకాయన కుర్చీ ఎత్తాడట. మా ఊళ్లో ఎవరూ కుర్చీ ఎత్తలేదు. ఊరి పెద్ద పోలయ్య పెదనాయన బోసినోటితో నవ్వాడు.

"చీటీ గురించి మాకు చెప్తుండావా తల్లీ?"

మాది చీటీ మీద బతికే ఊరు. సరస్సులో రొయ్య అన్నిచోట్లా ఒకేలా పడదు. సముద్రం నీళ్లు వచ్చే ముఖద్వారం దగ్గర వల కడితే గంపలు నిండుతాయి, లోపలి బురదలో కడితే పీతలు కూడా రావు. అందుకని ఏటా అమ్మవారి గుడి ముందు కొత్తకుండలో తాటాకు ముక్కలు వేసి, అందరి ఎదుటా చీట్లు తీస్తారు. ఎవరికి ఏ చోటు వస్తే అక్కడి నుంచి మొదలు. మర్నాడు పక్క చోటికి జరగాలి, ఆ మర్నాడు ఇంకో చోటికి. అలా ప్రతి ఇల్లూ మంచిచోటికి వస్తుంది, ప్రతి ఇల్లూ బురదలోకీ పోతుంది. ఎవరి తర్వాత ఎవరన్నది మా ఊళ్లో మాటలు నేర్చే వయసు పిల్లకు కూడా నోటికి వస్తుంది.

మేడమ్ మొహం వెలిగిపోయింది. ఇంత సులభంగా ఒప్పుకున్న ఊరు ఇంకోటి లేదని ఆ రోజు మా ఇంట్లోనే కూర్చుని చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుంది. పోలయ్య పెదనాయన కూడా ఈవిడ మనలాంటి మనిషేనని అందరికీ చెప్పాడు. చీటీ అనే ఒక్కమాట దగ్గర ఇద్దరూ చేతులు కలిపారు. ఆ చీటీ ఎందుకని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆ రోజు వాళ్లు నవ్విన నవ్వులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చెంగయ్య చివరికి నోరు విప్పాడు. రెండో నెల నుంచే మొదలట. అమావాస్య నాడు పడవలు సరస్సు మధ్యకు పోయాక, వలల వంతు ఏ వరసలో తిరుగుతుందో అదే వరసలో జలగల్ని పక్క ఇంటికి జరుపుతున్నారట. మునెయ్యది మా ఆయనకు, మా ఆయనది మస్తానమ్మ వదినకు, ఆమెది ఆ పక్కింటికి. ఉంగరాలు మాత్రం ఎవరివి వాళ్లకు వేసి పంపుతున్నారు. ఊరంతటికీ తెలుసు. నాకు తప్ప.

"నీకు చెప్తే మేడమ్‌కి చెప్తావని."

"నేను నీ పెళ్లాన్ని మావా."

"వాళ్ల జీతం తింటుండావు గదా," అన్నాడు తల వంచుకుని.

"ఏడాదిగా నీ చెయ్యి కడిగి, తుడిచి, దానికి చక్కెరనీళ్లు పోసి సాకుతుంటే, నువ్వు పడవలో కూర్చుని మార్చుకొస్తుండావా? ఏం తెలివయ్యా మీది."

"మొదటి నెల్లో నా వేళ్లు వదులైనాయి సుగుణా. వల ముడి నేనే వేసుకున్నా. అప్పుడే అనుకున్నా, నాది నిజమైందేనని."

"తెలిసీ ఇచ్చేసినావా?"

"వంతు వచ్చింది. అక్క వంతు."

మస్తానమ్మ వదిన ఆయనకు పెద్దమ్మ కూతురు. ఆమెకూ బిగుసు రొమ్ముదాకా వచ్చింది. అవన్నీ నాకు తెలుసు. తెలిసే చేతిలో ఉన్న గిన్నె ఎత్తి గోడకు కొట్టాను. చక్కెరనీళ్లు ఆయన మొహం మీద చిందాయి. తుడుచుకోలేదు. ఈ మూడు వారాలుగా ఈ మనిషి వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. అంతకుముందు గోడకు ఆనుకుని కూర్చుని రొప్పేవాడు. మందు పనిచేస్తోందని నేను అమ్మవారికి కోడిని మొక్కుకున్నాను. పనిచేస్తున్నది మునెయ్య జలగ. వచ్చే అమావాస్యకు అదీ పోతుంది. ఉత్తిది వస్తే మళ్లీ గోడ.

పోలయ్య పెదనాయన దగ్గరికి నేరుగా పోయాను. దారిలో పలకరించినవాళ్లకు జవాబు కూడా చెప్పలేదు. ఆయన వేపచెట్టు కింద మంచం మీద ఉన్నాడు.

"సంతకం పెట్టినారు పెదనాయనా. ఒకరిది ఒకరు మార్చుకోబోమని, ఒప్పుకున్నామని, వేలిముద్రలు వేసినారు."

"చీటీకి ఒప్పుకున్నాం. చీటీ అంటే తిరగాల. ఆ మిషను ఒక్కసారి వేసి ఊరుకుంది. యాడ వేసిందో, ఎవురి ముందర వేసిందో. మళ్లీ ఎప్పుడు తిరుగుద్దంటే ఆయమ్మ చూద్దాం అనింది. తిరగనిది చీటీ ఎట్టయిద్దమ్మా? తలరాత అయిద్ది. మా తలరాత రాసేదానికి ఆ మిషను ఎవురు?"

"ఇది రొయ్య కాదు."

"రొయ్యకే వంతులు తిప్పుకునేవాళ్లం, ప్రాణానికి తిప్పుకోమా? ఒకే వాడలో ఒక ఇంటికి మందు, పక్కింటికి ఉత్తినీళ్లు. ఏడాది పొడుగునా వాళ్ల మొహం వీళ్లు చూసుకుంటా కూర్చోవాల్నా? నీకు చదువు చెప్పించింది ఇందుకా?"

నాకు ఇంకా మండింది. మీ ఇష్టం వచ్చినట్టు చావండి అని వచ్చేశాను. పెద్దవాణ్ని అలా అనకూడదు. అన్నాను.

మర్నాడు పట్నంలో వాళ్ల ఆఫీసుకు పోయాను. మేడమ్ తెర ముందు కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏడాది నిండిందని మిషను చీట్లు విప్పింది. తెర మీద రెండు గీతలు, ఒకటి నిజమైన జలగల ఇళ్లది, రెండోది ఉత్తి జలగల ఇళ్లది. ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

"చూశావా సుగుణా. తేడా లేదు. నా జలగా ఒకటే, ఉత్తి జలగా ఒకటే. గురువారం కమిటీ కూర్చుంటుంది. పనిచేయదని రాసి మూసేస్తారు."

"మూసేస్తే?"

"జలగలన్నీ వెనక్కి తీసుకుని చంపేస్తాం. ఇక దీనికి ఎవరూ డబ్బివ్వరు. ఎక్కడో తప్పు చేశాను. ఎక్కడో తెలియడం లేదు."

ఆవిడ తప్పు వెతుక్కుంటోంది. మా ఆయన, మా పెదనాయన చేసిన పనికి ఈ మనిషి తన పదేళ్లను తిట్టుకుంటోంది. చెప్పేశాను. అమావాస్య, పడవలు, ఉంగరాలు, అన్నీ.

మేడమ్ లేచి తలుపు వేసి వచ్చింది.

"ఎర్రనూనె గుర్తుందా?" అంది.

గుర్తులేకపోవడమేమిటి. బిగుసుకు మందని ఒక కంపెనీ తీరం పొడుగునా అమ్మింది. ఊళ్లకు ఊళ్లే తాగాయి. మా నాయన కూడా రోజూ ఒక గుక్కెడు తాగి, బాగుంది బాగుంది అంటూనే పోయాడు.

"ఎందుకు అన్నాళ్లు సాగింది? అందరూ తాగారు కాబట్టి. తాగనివాళ్లు ఒక్కరు లేరు కాబట్టి. సగంమందిని పక్కన పెట్టి ఉంటే అది ఉత్తి నూనె అని ఏడాదిలో తేలేది. మీ నాన్న ఇంకో మందు వెతుక్కునేవాడు. నేను సగం ఇళ్లకు ఉత్తి జలగ పెట్టింది సరదాకా? ఆ ఇళ్లవాళ్ల మొహాలు నాకు నిద్రలోకి వస్తాయి. వచ్చినా పెట్టాను, మళ్లీ ఎవరూ ఎర్రనూనె తాగకూడదని. దాన్ని మీవాళ్లు పడవలో కూర్చుని పంచుకున్నారు. ప్రసాదం పంచినట్టు పంచుకున్నారు." గొంతు పగిలేలా అరిచింది. అటువైపు గదిలో మాటలు ఆగిపోయాయి.

నేనూ అరిచాను. "ఒక్కసారి చెప్పకపోయినారా, ఈ చీటీ తిరగదని? పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు గదా, ఆ ముక్క చెప్పేదానికి నోరు రాలేదా?"

ఇద్దరం అలిసిపోయాక ఆవిడ కూర్చుంది. తెర వైపు చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"వరస తప్పకుండా తిప్పారా? ఎప్పుడూ ఒకే వరసా?"

"మావాళ్లు వంతు తప్పరు మేడమ్."

"అయితే విప్పొచ్చు సుగుణా. ప్రతి మనిషికీ కొన్ని నెలలు నిజమైంది, కొన్ని నెలలు ఉత్తిది. నెల నెలా నువ్వు కొలిచిన కొలతలున్నాయి. వరస చెబితే ఏ నెల ఎవరి చేతి మీద ఏది ఉందో తెలుస్తుంది. పనిచేస్తుందో లేదో తేలిపోతుంది. చెబుతావా?"

ఊరివాళ్లతో ఒక్కమాట అని చెబుతానని వచ్చాను. ఆ ఒక్కమాట అడక్కుండా ఉంటే సరిపోయేది.

సాయంత్రం గుడి ముందు అందరూ కూడారు. నేను విషయం చెప్పగానే పోలయ్య పెదనాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పబాక. వరస చెప్తే ఏమయిద్దో తెలుసా? మునెయ్య పోయిన నెల వాడి చేతి మీద ఏముండాదో తెలుస్తాది. వాడి దగ్గర్నించి మంచిది ఏ ఇంటికి పొయ్యిందో తెలుస్తాది. రేపట్నించి ఆ ఇంటి నీళ్లు వాడి పెళ్లాం తాగుద్దా? మనం చీటీ వేసుకునేదే ఒకర్నొకరు తిట్టుకోకుండా ఉండేదానికి. ఎవురికేం వచ్చినా వంతు తెచ్చింది అనుకునేదానికి."

అప్పుడు అర్థమైంది నాకు. మేడమ్ చీటీ వేసేది ఎవరు ఎందుకు బతికారో, ఎందుకు పోయారో తేల్చడానికి. మావాళ్లు వేసేది అది ఎప్పటికీ తేలకుండా ఉండడానికి. ఈ రెండూ ఒకే కుండలో వేసి కలిపారు, మధ్యలో మునెయ్య పోయాడు. తప్పు ఎవరిదని ఎవరిని పట్టుకుని కొట్టాలో తెలియక పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను.

అందరూ పోలయ్య పెదనాయన మాటే అన్నారు. మా ఆయనతో సహా. నా పక్కన నిలబడింది ఒక్క మస్తానమ్మ వదిన. గుడి మెట్ల మీద కూర్చుని, మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ అంది.

"చెప్పెయ్యి సుగుణా. తెలిస్తే తెలియనీ. నాకు బతకాలనుండాది. తిట్టుకుంటా బతుకుతాం."

చెప్పేశాను. అక్కడే నిలబడి మేడమ్‌కు ఫోన్ చేసి, ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో ఊరంతా వింటుండగా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఎవరూ నా చేతిలోంచి ఫోను లాక్కోలేదు. చిన్నప్పటి నుంచీ పాడుకున్న వరస అది, ఒక్క ఇల్లు కూడా తప్పు పోలేదు.

రెండోరోజు మధ్యాహ్నానికి మేడమ్ ఫోన్ చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. జలగ పనిచేస్తోంది. నిజమైంది ఉన్న నెల పిడికిలి గట్టిపడింది, ఉత్తిది ఉన్న నెల జారింది, ప్రతి ఇంట్లోనూ అంతే. కమిటీ మూసేయదు. తీరం పొడుగునా అన్ని పాలేలకూ వస్తాయి.

"మా ఆయనది?" అన్నాను.

"మొదట ఇచ్చింది నిజమైందే. ఇప్పుడున్నదీ నిజమైందే."

"పోయిననాటికి మునెయ్యకు?"

ఆవిడ ఫోను పెట్టేసింది. చెప్పకపోయినా ఊరికి తెలిసింది. మర్నాడు మేడమ్ మనుషులు వచ్చి జలగలన్నిటినీ భూతద్దం కింద చూసి, నిజమైనవి ఎర్రపెట్టెలోనూ ఉత్తివి తెల్లపెట్టెలోనూ వేస్తుంటే ఇంకేం దాగుతుంది. నిజమైన జలగను మా ఆయనకిచ్చి, వంతు ప్రకారం వచ్చిన ఉత్తిదాన్ని పెట్టుకుని మునెయ్య పోయాడు. మునెయ్య భార్య సుబ్బులు మా వాకిట్లోకి వచ్చి, చెంగయ్య చెయ్యిని తేరిపార చూసి పోయింది. ఆ రోజు నుంచి మా బోరు దగ్గర నీళ్లు పట్టడం లేదు. పోలయ్య పెదనాయన చెప్పినట్టే అయింది. చెప్పినట్టే అయినందుకు ఆయన మీద కూడా నాకు కోపమే.

అంతకన్నా పెద్దది ఇంకోటి ఎర్రపెట్టెలో బయటపడింది. నిజమైనవి ఈ మధ్యనే దాదాపు అన్నీ లోపల చచ్చాయి. పీలుస్తున్నాయి, వదులుతున్నాయి, విషం తినే బలం మాత్రం పోయింది.

"ఒక ఒంటి నెత్తురుకు అలవాటు పడటానికే దాని బలం సగం పోతుంది," అంది మేడమ్. ఈసారి అరవలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. "ఒక్క మనిషి మీదే ఉంచి ఉంటే మూడేళ్లు బతికేవి. మీరు నెలకో ఒంటికి మార్చారు. ఉత్తివి చూడు, ఎంత బొద్దుగా ఉన్నాయో."

బతికున్న నిజమైన జలగ ఒక్కటే. దాన్ని చూసి మళ్లీ చెంగయ్య చేతి మీదే పెట్టారు. కొత్తవి పెంచి పంపడానికి ఏడాది పడుతుంది. మిగతావాళ్లకు బిగుసు చేతుల్లోనే ఉంది కాబట్టి ఏడాది ఆగగలరు. ఆగలేనివాళ్లు ఇద్దరు, రొమ్ముదాకా వచ్చినవాళ్లు. చెంగయ్య, మస్తానమ్మ వదిన.

అమావాస్య శుక్రవారం. వంతు వదినది.

"ఇంకొక్క ఒంటికి మారిస్తే బతుకుతుందా?" అని మేడమ్‌ను అడిగాను.

"బతకొచ్చు. బతక్కపోవచ్చు. సగం సగం."

శుక్రవారం పొద్దున మేడమ్, పోలయ్య పెదనాయన మా అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఏడాదంతా చీటీ పేరుతో ఒకరి కొంప ఒకరు ముంచుకున్నవాళ్లు ఆ రోజు ఒకేమాట మీదికి వచ్చారు. చెంగయ్య, మస్తానమ్మ ఇద్దరి పేర్లూ వేసి కుండలోంచి ఒకటి తీద్దాం, ఎవరి పేరు వస్తే ఏడాదిపాటు వాళ్లదే, ఇక తిరగదు. మేడమ్‌కు అది న్యాయంగా తోచింది. పెదనాయన తిరగని చీటీకి మొదటిసారి తల ఊపాడు. కుండ కూడా తెప్పించారు.

చెంగయ్య అసలు చీటీ కూడా వద్దన్నాడు. "వంతు అక్కది. చీటీ ఎందుకు? ఇచ్చేస్తుండా," అని కుడిచేత్తో జలగను ఊడదీయబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. మళ్లీ ప్రయత్నించాడు. జలగ చుట్టూ వేళ్లు జారిపోయాయి. నా వైపు చూశాడు.

"తియ్యి సుగుణా."

"తియ్యను."

"నీ పనే గదా అది."

"చీటీ వద్దు, వంతూ వద్దు," అన్నాను. "మీ చీట్లతో ఒకణ్ని చంపినారు. ఎవరు చంపినారో కూడా చెప్పుకోలేకుండా చంపినారు. నాకు మిషనూ వద్దు, కుండా వద్దు. నేనే చెప్తుండా. ఇది మా ఆయన చేతి మీదుంది, మా ఆయన చేతి మీదే ఉంటుంది. ఎవరన్నా దాన్ని ముట్టుకుంటే చెయ్యి విరుస్తా."

ఎవరూ ముట్టుకోలేదు. పోలయ్య పెదనాయన కర్ర ఊతం పట్టుకుని లేచి, పోతూ పోతూ అన్నాడు.

"ఇంక మీ ఇంటికి వంతు లేదు. సరస్సులో యాడా మీ వల పడదు."

వాకిట్లో కూర్చున్న మస్తానమ్మ వదిన ఏమీ అనలేదు. ఆ రోజు అనలేదు.

చెంగయ్య బతుకుతున్నాడు. వేళ్లు ముడుచుకుంటున్నాయి. గ్లాసు తనే పట్టుకుని తాగుతున్నాడు. నాతో మాట్లాడటం మానేశాడు. వల అటక మీద ఉంది. పడవలు బయల్దేరే వేళకు లేచి కూర్చుని, అవి పోయేదాకా చూసి, మళ్లీ పడుకుంటాడు. చేసిన పనికి నేను ఏడవడం లేదు. మళ్లీ చేయమన్నా అదే చేస్తాను. కానీ నన్ను ఆ పనికి నిలబెట్టినవాళ్లందరి మీదా, న్యాయం న్యాయం అంటూ ఇంతదాకా తెచ్చి చివరికి ఒక ఆడదాని చేతిలో పెట్టినవాళ్ల మీదా, నాకు చల్లారని కోపం ఉంది.

నా ఉద్యోగం మాత్రం ఉంది. నెల నెలా కొలవాలి. నిన్న మస్తానమ్మ వదిన ఇంటికి పోయాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బుడగ చేతికిస్తే దాని కొలత ముల్లు కదల్లేదు. ఊపిరి కొలిచాను. రాసుకున్నాను. లేవబోతుంటే కొంగు పట్టుకోబోయింది, వేళ్లు పట్టలేదు.

"కూర్చో సుగుణా."

కూర్చున్నాను.

"చీటీలో పొయ్యుంటే నా రాత అనుకునేదాన్ని. అమ్మవారిని నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఎవుర్ని అనుకోవాల?"

"నన్నే అనుకో వదినా."

"అనుకుంటానే ఉండా. పొద్దున లేస్తానే నిన్నే. ఆ రోజు గుళ్లో నీ పక్కన నిలబడిందాన్ని నేను. ఊరంతా వద్దంటుంటే చెప్పెయ్యి అన్నదాన్ని నేను. నీ నోట్లో మన్ను పడ. నీ పసుపుకుంకాలు..." అని ఆగింది. నా పసుపుకుంకాలంటే తన తమ్ముడే. ఆ తిట్టు తిట్టలేకపోయింది. ఇంకోటి వెతుక్కుంది. నా కళ్లను, నా చేతులను, నా చదువును, నాకు పుట్టబోయే బిడ్డలను ఒక్కొక్కటే ఎత్తి తిట్టింది. మధ్యలో ఊపిరి చాలక తల గోడకు వాల్చేసింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

నేను లేవలేదు. నీళ్లు తాగించి, వీపు రాసి, ఊపిరి కుదురుకునేదాకా ఆగాను.

"మిగిలినవి కూడా తిట్టు వదినా," అన్నాను.